మా స్టోర్లో అన్నీ ఎమ్ సైజు గ్లౌజులే అక్కా, నా చేతికి ఏది సరిపోద్ది?

ప్రశ్న: నమస్తే అక్కా. జీఎన్‌ఎమ్ నర్సింగ్ కోర్సు పూర్తయ్యి మూడు నెలల క్రితం మా టౌన్‌లోనే ముప్పై పడకల నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేరాను. నావి బాగా చిన్న చేతులు. మా స్టోర్లో ఎమ్, ఎల్ తప్ప వేరే సైజు గ్లౌజులు ఉండవు. ఎమ్ వేస్కుంటే వేళ్ల చివర్లు వేలాడతాయి, క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) పెట్టేటప్పుడు వీన్ (రక్తనాళం) చేతికి తెలీదు. సీనియర్ సిస్టర్ని అడిగితే చూపుడు వేలు దగ్గర చిన్న ముక్క కత్తిరించేసి పెట్టుకో అంది, అలాగే చేస్తున్నా. విచిత్రం ఏంటంటే పోయిన నెల వేరే కంపెనీ ఎమ్ వచ్చింది, అది బానే సరిపోయింది, ఇప్పుడు మళ్ళీ పాతదే. స్టెరైల్‌వి (క్రిములు లేకుండా ప్యాక్ చేసినవి) అయితే 7 నంబరు ఇస్తారు, అవీ లూజే. సాయంత్రానికి చేతులు దురద కూడా. ఇంకోటి, ఇంట్లో మా అమ్మకి షుగర్ పుండుకి రోజూ నేనే డ్రెస్సింగ్ చేస్తా, ఇంటికి ఏ సైజు, ఏ రకం కొనాలో చెప్పండి.

సమాధానం:

చెల్లీ, సైజు సంగతి తర్వాత, ముందు ఆ వేలు కత్తిరించే పని ఈ పూట నుంచే ఆపెయ్. ఆవిడ చెడు ఉద్దేశంతో చెప్పలేదని నాకు తెలుసు, మా రోజుల్లో సగం మంది అలాగే చేసేవాళ్ళు, నేనూ చేశాను, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నా. కానీ ఒక్కసారి ఆలోచించు, క్యాన్యులా పెట్టేటప్పుడు సూదికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఏ వేలు, ఆ వేలే కదా, సరిగ్గా దాని మీదే రబ్బరు లేకుండా చేస్కుంటే ఇంక మిగతా నాలుగు వేళ్లకి గ్లౌజు ఉండి ఏం లాభం. గ్లౌజు సూదిని ఆపదు, అది నిజమే, కానీ సూది రబ్బర్లోంచి దూరి వచ్చేటప్పుడు పైన అంటిన రక్తం కొంత ఆ రబ్బరే తుడిచేస్తుంది, లోపలికి వెళ్ళేది తగ్గుతుంది. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు, అంటే మొదటిది, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది, పూర్తయ్యాయో లేదో కూడా చూస్కో. కోర్సులో వేశారులే అని వదిలెయ్యకు, చాలామందికి మూడోది మిగిలిపోయి ఉంటుంది. ఎప్పుడైనా గుచ్చుకుంటే పిండకు, సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పు, హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, రెండు గంటల్లోపైతే ఇంకా మంచిది, రేపు చూద్దాంలే అనుకునే విషయం కాదు.

మరి వీన్ ఎలా తెలియాలి అంటావా. చేతులు శుభ్రం చేస్కుని, గ్లౌజు వెయ్యకముందే టోర్నికెట్ (చేతి పైన బిగించే పట్టీ) కట్టి ఒట్టి వేలితో తడిమి చూడు, గాయం లేని చర్మాన్ని ముట్టుకోవడానికి గ్లౌజు అక్కర్లేదు. ఎక్కడ ఉందో, ఎటు పోతోందో, పక్కన పుట్టుమచ్చో ముడతో గుర్తు పెట్టుకో. టోర్నికెట్ వదిలి, గ్లౌజు వేస్కుని, మళ్ళీ కట్టి, స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి పెట్టెయ్. తుడిచాక ఎలాగూ అక్కడ మళ్ళీ వేలు పెట్టకూడదు. ఇది అలవాటైతే, సరిపోయే సైజు కూడా తోడైతే, నీకు కత్తెర గుర్తు కూడా రాదు.

ఇంక సైజు. నేను ట్రైనింగ్ చేసిన రోజుల్లో గ్లౌజులు ఒకసారి వాడి పారేసేవి కావు. మధ్యాహ్నం పని తగ్గాక వరండాలో కూర్చుని వాడిన గ్లౌజులు కడిగి, ఆరేసి, ఒక్కోదాన్ని గాలితో బుగ్గలా ఉబ్బించి చిల్లులున్నాయేమో చూసి, పౌడర్ చల్లి, జతలు కట్టి, సైజుల వారీగా గుడ్డలో చుట్టి, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌కి పంపేవాళ్ళం. కుడి 6.5, ఎడమ 7 కలిపి జత కట్టేస్తే ఓటీలో, అదే ఆపరేషన్ థియేటర్లో, సర్జన్ గారి చేతుల్లో ఎవరికి తిట్లు పడతాయో నీకు చెప్పక్కర్లేదు. అలా తిట్లు తిని నేర్చుకున్నా సైజుల విలువ. ఓటీలో ఇప్పటికీ చూడు, ఏ డాక్టర్‌కి ఎంతో గోడ మీద చీటీ అంటించి ఉంటుంది, సర్ 7.5, మేడమ్ 6, అనస్తీషియా సర్ 8 అని. సర్జన్ సైజు అందరికీ నోటికి వచ్చు, అదే ఓటీలో పనిచేసే నర్సుని నీ సైజెంతమ్మా అని అడుగు, ఏముంటే అది అంటుంది. నువ్వు మాత్రం నీ నంబరు తెలుసుకో.

ఆ నంబరు పెద్ద రహస్యం కాదు, ఆపరేషన్లకి వాడే స్టెరైల్ సర్జికల్ గ్లౌజు మీద 6, 6.5, 7, 7.5 అని ఉండేది నీ అరచేయి చుట్టుకొలత, అంగుళాల్లో, అంతే. టైలర్ టేపు తీస్కో, లేకపోతే దారం చుట్టి స్కేల్ మీద పెట్టు. నువ్వు ఎక్కువ వాడే చేయి చాపి, వేళ్ళు దగ్గరగా పెట్టి, నాలుగు వేళ్ళు మొదలయ్యే చోట, అంటే కణుపుల మీదుగా, బొటనవేలు కలపకుండా చుట్టూ కొలువు. బిగించి లాగకు, వదులుగా వదలకు. పిడికిలి బిగించి కొలవొద్దు, ఎక్కువొస్తుంది. ఇంకో మాట, పొద్దున్నే కాకుండా డ్యూటీ దిగాక కొలుచుకో, రోజంతా పనిచేసి వేడికి చేతులు కొంచెం ఉబ్బి ఉంటాయి, మన మే నెల సంగతి తెలుసుగా. ఆరున్నర అంగుళాలు వస్తే నీది 6.5. ఆరుంపావు లాగ మధ్యలో వస్తే పెద్దది తీస్కో, వేళ్ళు పొట్టిగా ఉంటే మాత్రం చిన్నది కూడా వేసి చూడు, ఎందుకంటే ఈ కొలత అరచేతిదే, వేళ్ల పొడవు సంగతి అది చెప్పదు.

ఇప్పుడు నీ ఎమ్ గొడవకి వద్దాం, అసలు కిటుకు ఇక్కడే ఉంది. వార్డులో రోజూ వాడే ఎగ్జామినేషన్ గ్లౌజుల మీద అంగుళాలుండవు, ఎస్, ఎమ్, ఎల్ అని బట్టల షాపులో లాగ అక్షరాలుంటాయి. నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లౌజులకి అమెరికా ప్రమాణం ఒకటి ఉంది, ఏఎస్‌టీఎమ్ డీ6319 అని, అందులో గ్లౌజుని బల్ల మీద పరిచినప్పుడు అరచేతి వెడల్పు ఎస్ అయితే 80 మిల్లీమీటర్లు, ఎమ్ 95, ఎల్ 110 ఉండాలి, ఎక్స్‌ఎస్ అయితే 70. పరిచిన వెడల్పు కాబట్టి చుట్టుకొలత దానికి రెట్టింపు, ఎమ్ అంటే 190 మిల్లీమీటర్లు, ఏడున్నర అంగుళాలు. అంటే ఎమ్ అనేది సుమారుగా సర్జికల్ 7.5. ఎస్ అంటే 160, ఆరుంపావు పైన ఒక పిసరు, 6కీ 6.5కీ మధ్య. నీ చేయి 6.5 అనుకో, మీ స్టోర్ వాళ్ళు నీకు ఒక అంగుళం పెద్ద చొక్కా తొడిగి డ్యూటీ చెయ్యమంటున్నట్టే.

మరి వేరే కంపెనీ ఎమ్ ఎలా సరిపోయింది? ఆ ప్రమాణంలోనే అటూ ఇటూ 10 మిల్లీమీటర్లు తేడా ఉండొచ్చని ఉంది. లెక్కెయ్, ఒక కంపెనీ ఎమ్ 86 ఉండొచ్చు, ఇంకో కంపెనీ ఎమ్ 104 ఉండొచ్చు, రెండూ రూల్ ప్రకారం ఎమ్‌లే! ఇంకా చిత్రం, ఒకరి ఎస్ 89 ఉండి ఇంకొకరి ఎమ్ 86 ఉంటే చిన్నది పెద్దదానికంటే పెద్దదన్నమాట. నాకు ఈ సంగతి ఉద్యోగంలో చేరిన పదేళ్లకి గానీ తెలీలేదు, అప్పటిదాకా నా చేతులే ఒకరోజు లావెక్కి ఒకరోజు సన్నబడుతున్నాయేమో అనుకునేదాన్ని. సర్జికల్ గ్లౌజుల్లో ఇంత తేడా ఉండదు, 6.5కి వెడల్పు 83, 7కి 89, అటూ ఇటూ 5 మిల్లీమీటర్లే. అందుకే కొత్త పెట్టె రాగానే ఒక గ్లౌజు బల్ల మీద ముడతల్లేకుండా పరిచి, లాగకుండా, బొటనవేలు మొలిచే చోటుకి కాస్త పైన స్కేల్ పెట్టి చూడు. వచ్చిన మిల్లీమీటర్లని రెట్టింపు చేసి 25తో భాగిస్తే అంగుళాలు దాదాపుగా వచ్చేస్తాయి. నీ నంబరుకి దగ్గరగా ఉంటే పెట్టె మీద ఏ అక్షరం ఉన్నా నీదే.

సీనియర్లు అనే మాట ఒకటుంది, రబ్బరే కదా సాగుద్ది, ఎమ్ అందరికీ పట్టుద్ది అని. సాగడం గురించే అయితే అన్ని గ్లౌజులూ ఒకేలా సాగవు. లేటెక్స్, అదే చెట్టు పాల రబ్బరు, బాగా సాగి మళ్ళీ చేతికి అతుక్కుంటుంది, కొంచెం చిన్నదైనా సర్దుకుపోద్ది. నైట్రైల్, అదే నీలం రంగువి ఎక్కువగా వస్తాయే, అంత సాగవు, మొదట బిగుతుగా ఉండి ఒంటి వేడికి కాసేపట్లో కొంచెం చేతి ఆకారానికి వస్తాయి, రెండు సైజుల మధ్య ఉంటే నైట్రైల్‌లో పెద్దదే తీస్కో. వినైల్ అసలు సాగదు, ప్లాస్టిక్ సంచి లాగ ఉంటుంది, బిగుతుగా వేస్తే చీలిపోద్ది, వదులుగా వేస్తే మణికట్టు దగ్గర నోరు తెరుచుకుని ఉంటుంది, పడక మార్చడానికీ తుడవడానికీ సరే గానీ క్యాన్యులాకి నేనైతే వాడను. పైగా సాగితే చిన్నది పెద్ద చేతికి పడుతుందేమో గానీ పెద్దది చిన్న చేతికి ఎలా కుంచించుకుంటుంది, ఆ లాజిక్ నాకెప్పుడూ అర్థం కాలేదు.

వేస్కున్నాక ఎలా చూడాలంటే, వేళ్ల చివర బియ్యపుగింజ కంటే ఎక్కువ ఖాళీ రబ్బరు చేతికి దొరక్కూడదు. వేళ్ల సందుల్లో చూడు, గ్లౌజు అడుగు దాకా దిగకుండా కప్ప కాలికి మధ్యలో తోలున్నట్టు ఆగిపోతే వేళ్ళు పొట్టి అయిన గ్లౌజు, అంటే చిన్నది. బొటనవేలు బాగా పక్కకి చాపు, ఆ సందులో రబ్బరు తెల్లగా సాగి కనిపిస్తే చిరిగేది అక్కడే. పిడికిలి బిగించి ఇరవై అంకెలు లెక్కపెట్టు, చేయి నొప్పిగా అనిపిస్తే రెండు గంటల డ్యూటీకి అది పనికిరాదు. తర్వాత బల్ల మీద ఒక పారాసిటమాల్ మాత్ర పెట్టి తియ్యి, మైక్రోపోర్ ప్లాస్టర్ ముక్క చింపి అంటించు. లూజు గ్లౌజుకి ప్లాస్టర్ అతుక్కుని, దాన్ని లాగితే గ్లౌజు చిరిగి, పేషెంట్ చేతిలో క్యాన్యులా కదిలి, ఆయన అబ్బా అనడం నువ్వు ఇప్పటికే చూసుంటావ్. మరీ బిగుతైనా తంటానే, గంటకి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మణికట్టు దగ్గర గాజు అచ్చులా గీత పడుతుంది. రెండిట్లో ఏది మేలు అంటే ఏదీ కాదు గానీ, సూది పనికి లూజు ఎక్కువ ప్రమాదం అని నా అనుభవం. ఉంగరం రాయి, పొడుగు గోళ్ళు ఉంటే మాత్రం ఏ సైజైనా చిరుగుద్ది, అది గ్లౌజు మీద నెట్టకు.

స్టెరైల్ 7 గురించి అడిగావు. కాథెటర్ (మూత్రం గొట్టం) వేసేటప్పుడు వేలి చివర వేలాడే రబ్బరు తగలకూడని చోట తగులుతుంది, అప్పుడు ఆ జత మొత్తం పారేసి కొత్తది విప్పాలి. సర్జికల్ గ్లౌజుకి కుడి ఎడమ వేరుగా ఉంటాయి, బొటనవేలు ముందుకి వంగి ఉంటుంది, అందుకే సరైన నంబరైతే ఎగ్జామినేషన్ గ్లౌజు కంటే చాలా బాగా కూర్చుంటుంది. అలాగని రోజువారీ క్యాన్యులాలకి సర్జికల్ జతలు విప్పకు, ఆ ఖర్చుకి స్టోర్ ఇన్‌ఛార్జ్ నీ మీద పడతాడు, వాడు అరిచేది కూడా న్యాయమే. కొలిచి చూసి 6 కావాలో 6.5 కావాలో చెప్పు, ఏ సర్జికల్ షాపులోనైనా దొరికే సైజులే అవి.

దురద. చాలాసార్లు అది అలర్జీ కాదు, తడి. చేతులు కడిగి సరిగ్గా ఆరకముందే, శానిటైజర్ ఇంకా చల్లగా ఉండగానే గ్లౌజు ఎక్కించేస్తాం, ఆ తడి లోపలే ఉడుకుతుంది, చర్మం పగులుతుంది. ఆరనిచ్చి వేస్కో, లూజు గ్లౌజులో చెమట జారి రాపిడి కూడా ఎక్కువ, సైజు మారితే సగం తగ్గొచ్చు. పౌడర్ గ్లౌజులైతే మానేసి పౌడర్ లేనివి అడుగు, అమెరికాలో పౌడర్ వైద్య గ్లౌజులని 2017 జనవరి నుంచి నిషేధించారు, ఆ పౌడర్ లేటెక్స్ ప్రోటీన్లని గాల్లోకి మోసుకెళ్లి పీల్చేలా చేస్తుందని కూడా ఒక కారణం. కానీ గ్లౌజు వేసిన కాసేపట్లోనే దద్దుర్లు లేస్తే, ముక్కు కారితే, ఊపిరి ఆడనట్టు ఉంటే అది లేటెక్స్ అలర్జీ కావచ్చు, అప్పుడు లేటెక్స్ ముట్టుకోకుండా చర్మం డాక్టర్‌కి చూపించు. ఇలాంటి కొందరికి అరటిపండు, కివీ తిన్నా నోరు దురద పెడుతుంది, నీకుందేమో గుర్తు తెచ్చుకో. ఒకరోజు రెండ్రోజుల తర్వాత పొక్కుల్లా వచ్చి తగ్గకపోతే అది రబ్బరు తయారీలో కలిపే రసాయనాల వల్ల కావచ్చు, అవి నైట్రైల్‌లో కూడా ఉంటాయి, రంగు మార్చినంత మాత్రాన పోదు. ఇంకా, డ్యూటీకి వెళ్లేముందు చేతులకి కొబ్బరినూనె, వాజ్‌లీన్ రాసుకోకు, నూనె తగిలితే లేటెక్స్ బలహీనపడి చిరుగుద్ది. రాత్రి పడుకునేటప్పుడు ఎంతైనా రాసుకో.

అమ్మకి. ఇంట్లో రోజూ చేసే డ్రెస్సింగ్‌కి మామూలుగా పౌడర్ లేని నైట్రైల్ ఎగ్జామినేషన్ గ్లౌజులు చాలు, డాక్టర్ గారు ప్రత్యేకంగా స్టెరైల్ అంటే తప్ప. నీ చేతికి కొను, అమ్మ చేతికి కాదు, నవ్వకు, షాపులో పేషెంట్ ఎవరమ్మా అనడిగి పెద్దావిడైతే ఎల్ ఇచ్చిన సంగతి నాకు తెలుసు. పెట్టెలో 100 అంటే 50 జతలు, పాత కట్టు విప్పడానికి ఒకటి, చేతులు కడుక్కుని కొత్త కట్టు వెయ్యడానికి ఇంకొకటి, అంటే ఒక పెట్టె పాతిక రోజులు. పెట్టె మొత్తం కొనేముందు కుదిరితే ఒక జత వేసి చూసి కొను. కడిగి ఆరేసి మళ్ళీ వాడకు, మా వరండా కథ చెప్పానని అది మొదలుపెట్టొద్దు, అవి వేరే మందం గ్లౌజులు, వేరే రోజులు. పెట్టె కిటికీ దగ్గర ఎండలో, పొయ్యి పక్కన పెట్టకు, వేడికి రబ్బరు పెళుసుబారుతుంది. పెట్టె మీద ఐఎస్ 15354 అని ఉందేమో చూడు, ఎగ్జామినేషన్ గ్లౌజులకి మన దేశపు ప్రమాణం నంబరు, సర్జికల్ వాటికైతే 13422.

చివరికి స్టోర్ దగ్గరికే రావాలి, లేకపోతే ఇదంతా చదివి మళ్ళీ రేపు అదే ఎమ్ వేస్కుంటావు. సూపరింటెండెంట్ మేడమ్ దగ్గరికి వెళ్ళి నా చేతులు చిన్నవి మేడమ్ అంటే సర్దుకోమ్మా అంటారు. అలా కాదు, మీ వార్డులో ఉన్న సిస్టర్లందరివీ ఒక మధ్యాహ్నం టేపుతో కొలిచి కాగితం మీద రాయి, పేరు, అంగుళాలు. నేను పనిచేసిన చోట్ల ఆడపిల్లల్లో ఎక్కువమందికి 6, 6.5 వచ్చేవి, ఎమ్ నిజంగా సరిపోయేది కొందరికే, మీ దగ్గరా అలాగే రావొచ్చు. ఒక షిఫ్టులో ఎన్ని గ్లౌజులు వేసేటప్పుడే చిరిగాయో, ప్లాస్టర్‌కి అతుక్కుని పోయాయో గీతలు పెట్టి ఆ కాగితం మీదే వెయ్యి, డబ్బు లెక్క అయితే మేనేజ్‌మెంట్ చెవికి త్వరగా ఎక్కుద్ది. ఎస్ పెట్టె ధర ఎమ్ కంటే ఎక్కువేం ఉండదు కదా.

అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1889-90 చలికాలంలో కారొలిన్ హాంప్టన్ అనే ఓటీ నర్సు చేతులు క్రిములు చంపడానికి వాడే మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణానికి పుండ్లు పడిపోతుంటే, విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి చెప్పి ఆవిడ కోసం రెండు జతలు పల్చటి గ్లౌజులు చేయించాడు, తర్వాత ఆవిణ్ణే పెళ్ళి చేస్కున్నాడు, అది వేరే కథ. ఆపరేషన్ గదిలోకి రబ్బరు గ్లౌజు అలా ఒక నర్సు చేతి కోసం వచ్చింది, మనకేమో ఇప్పుడు ఏముంటే అది. మేడమ్‌కి ఈ కథ చెప్పాలనిపిస్తే చెప్పు, ఆవిడ మూడ్ చూసి. ఇండెంట్‌లో (స్టోర్‌కి ఏం కావాలో రాసిచ్చే చీటీలో) మాత్రం ఇలా రాయి: ఎగ్జామినేషన్ గ్లౌజులు, నైట్రైల్, పౌడర్ లేనివి, ఎస్ సైజు, పరిచిన వెడల్పు 80 నుంచి 85 మిల్లీమీటర్లు, మొదట రెండు పెట్టెలు, సర్జికల్ స్టెరైల్ 6.5, పది జతలు. సైజు పక్కన మిల్లీమీటర్లు రాయడం మర్చిపోకు, లేకపోతే ఇంకేదో కంపెనీ ఎస్ వచ్చి మళ్ళీ నాకే ఉత్తరం రాస్తావు. అన్నట్టు నీ టేపు కొలత రానీ, 6 కంటే తక్కువొస్తే ఎక్స్‌ఎస్ అని మార్చు.